గిరి గారి మీద నాలుగు నిమిషాలు: సూక్తులు కాకుండా ఏం చెప్పించాలి?

గిరి రోడ్డు కోడలు (బరంపురం):

నమస్కారమండి. నా పుట్టిల్లు టెక్కలి. పెళ్లై బరంపురం వచ్చి పదహారేళ్లయింది. మా బాబు తొమ్మిదో తరగతి. ఆగస్టు 10న వి.వి.గిరి గారి జయంతికి ఇక్కడి తెలుగువాళ్లం కొందరం కలిసి పిల్లలకి ఉపన్యాసాల పోటీ పెట్టుకుంటున్నాం. అంశం "నాయకత్వం, ధైర్యం, ప్రజాస్వామ్యం: గిరి గారి నుంచి మనం నేర్చుకునేది". ఒక్కొక్కరికి నాలుగు నిమిషాలు. తెలుగులోనే మాట్లాడాలి.

నాకు రెండు చిక్కులున్నాయి. మా వాడికి తెలుగు మాట్లాడ్డం వచ్చు, చదవడం రాదు. స్కూల్లో ఒడియా, ఇంగ్లీషు, హిందీ. అందుకని తెలుగు మాటల్ని నేను ఒడియా అక్షరాల్లో రాసిస్తాను, వాడు చూసి బట్టీ పడతాడు. కిందటేడు అల్లూరి సీతారామరాజు మీద అలాగే చెప్పాడు. కన్సొలేషన్ కింద స్టీలు గ్లాసు వచ్చింది.

రెండోదే అసలు చిక్కు. సమాచారం కావాలని ఫ్యామిలీ గ్రూపులో అడిగితే, మా ఆడపడుచు పన్నెండు బొమ్మలు పంపింది. ఒక్కొక్క దాని మీదా ఉదయించే సూర్యుడు, గర్జించే సింహం, కింద "ధైర్యవంతుడే నాయకుడు" లాంటి ఒక వాక్యం, దాని కింద గిరి గారి పేరు. వాటిలో ఒకటి కిందటేడు ఇంకో మహానుభావుడి పేరుతో వచ్చింది, నాకు బాగా గుర్తు. పోటీకి జడ్జీగా వచ్చేది రిటైర్డు లెక్చరర్ గారు. "ఈ మాట ఆయన ఎప్పుడన్నారు బాబూ?" అని అడిగే రకం.

రోజూ గిరి రోడ్డు మీదే కూరలకి వెళ్తాను. ఆ పేరున్నాయన ఈ ఊళ్లో పుట్టి రాష్ట్రపతి అయ్యారన్న దానికి మించి నాకేమీ తెలియదని ఇప్పుడు సిగ్గేస్తోంది. వాడి చేత ఏం చెప్పించమంటారు?

---

పాత గార్డు:

అమ్మా, ముందు ఆ పన్నెండు బొమ్మలూ డిలీట్ చేసెయ్యండి.

నేను గూడ్సు గార్డుగా చేసి రిటైరయ్యాను. ఖుర్దా రోడ్డు నుంచి పలాస దాకా మా బీటు. ఏళ్ల తరబడి బ్రేక్‌వ్యాన్‌లో కూర్చుని, బండి వెనక నుంచే లోకం చూసినవాణ్ణి. గార్డుకి బండి నడిపే పని ఉండదు. గేజీ మీద సూది చూసుకుంటూ, ఆపాల్సిన చోట ఆపించడమే పని. అందుకో ఏమో, పెద్దవాళ్ల గురించి చదివేటప్పుడు ఎక్కడెక్కడికి ఎక్కారన్నది నాకు అంతగా పట్టదు. ఎక్కడ దిగారని చూస్తాను. గిరి గారి జీవితంలో దిగిన చోట్లు బాగా ఉన్నాయి. పిల్లాడి చేత వాటినే చెప్పించండి.

పుట్టుక ఒక్క ముక్కలో తేల్చెయ్యండి. 1894 ఆగస్టు 10, బరంపురం. నాన్నగారు వరాహగిరి వెంకట జోగయ్య పంతులు గారు, వకీలు. అప్పటికి ఈ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడ్డాక కదా మనం ఇటువైపు వచ్చాం! అందుకే ఒడియా వాళ్లూ మావాడంటారు, మనమూ మావాడంటాం. ఇద్దరిదీ నిజమే. ఖల్లికోట కాలేజీలో చదివి, 1913లో లా చదవడానికి ఐర్లండులో డబ్లిన్ వెళ్లారు. అక్కడ ఇంగ్లీషు వాళ్ల మీద తిరుగుబాటు ఊపు మీదుంది. ఈయనా ఆ గాలి పీల్చారు. 1916 ఈస్టర్ తిరుగుబాటు జరిగిన ఏడే అక్కణ్ణుంచి రావలసొచ్చింది. లాకని వెళ్లినవాడు సమ్మెలు నేర్చుకుని వచ్చాడని మా నాన్న హాస్యమాడేవాడు.

రైలు మాట చెప్పకపోతే నా కడుపు నిండదు. ఇప్పుడు మన స్టేషన్లో ఆగే బళ్లన్నీ నడిచే లైను అప్పట్లో బెంగాల్ నాగపూర్ రైల్వే, బి.ఎన్.ఆర్. దాని కార్మిక సంఘం గిరి గారు కట్టిందే. 1928లో ఖరగ్‌పూర్ సమ్మె. కంపెనీ తెల్లవాళ్లది, ప్రభుత్వమూ తెల్లవాళ్లదే. వర్క్‌షాపుల్లో మనుషుల్ని తీసేస్తుంటే పనిముట్లు కింద పెట్టించారు. గొడవలూ కొట్లాటలూ లేకుండా నడిపించారని ఇప్పటికీ చెప్పుకుంటారు. అంతకు రెండేళ్ల ముందే, 1926లో, ఆయన ఆలిండియా ట్రేడ్ యూనియన్ కాంగ్రెసు అధ్యక్షుడు. 1937 ఎన్నికల్లో బొబ్బిలి రాజా గారి మీద, బొబ్బిలిలోనే నిలబడి గెలిచారు. రాజా గారంటే అల్లాటప్పా జమీందారు కారు, మద్రాసు ప్రెసిడెన్సీకి ప్రధానిగా చేసినాయన. ఆయన రైతులే ఆయనకి ఓటెయ్యలేదు. ఆ తరవాత గిరి గారు రాజాజీ మంత్రివర్గంలో కార్మిక మంత్రి.

ఇప్పుడు దిగిన చోట్లకి వస్తాను.

మొదటిది 1954. గిరి గారు 1952లో పాతపట్నం నుంచి, అంటే పర్లాకిమిడి పక్క నుంచి, లోక్‌సభకి గెలిచి నెహ్రూ గారి దగ్గర కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. బ్యాంకు ఉద్యోగుల జీతాల తగాదా ట్రిబ్యునల్‌కి వెళ్లింది, అప్పీలుకి వెళ్లింది, తీర్పు వచ్చింది. ప్రభుత్వం ఆ తీర్పుని ఉన్నదున్నట్టు అమలు చెయ్యకుండా, ఉద్యోగులకి రావలసిందాన్ని కత్తిరించింది. కార్మిక మంత్రి రాజీనామా చేశారు. పైకి ఇంతే. కానీ ఇందులో ఒక మెలిక ఉంది, మీ లెక్చరర్ గారికి నచ్చుతుంది. గిరి గారికి అసలు ట్రిబ్యునళ్లంటే ఇష్టం లేదు. యజమానీ కార్మికుడూ ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాలి, ప్రభుత్వం పట్టుకెళ్లి బలవంతాన కోర్టులో కూలెయ్యకూడదు అనేది ఆయన పట్టు. కార్మిక చట్టాల పుస్తకాల్లో దాన్ని "గిరి అప్రోచ్" అనే రాస్తారు. అలాంటి మనిషి, తనకిష్టం లేని పద్ధతిలో వచ్చిన తీర్పు కోసం మంత్రి పదవి వదులుకున్నారు. ఇద్దరూ కలిసి పెద్దమనిషి దగ్గరికి వెళ్లాక, తీర్పు వినేసి, ఒకడు "నాకు నచ్చినంతే ఇస్తాను" అంటే ఇక తీర్పేటి, పెద్దరికమేటి? నాకు అర్థమైంది అది.

రెండోది 1969. మే 3న రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ గారు పదవిలో ఉండగానే పోయారు. ఉపరాష్ట్రపతి గిరి గారు తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. కాంగ్రెసు పార్టీ అభ్యర్థిగా నీలం సంజీవరెడ్డి గారిని పెట్టింది. గిరి గారు నోరు మూసుకుని కూర్చుంటే ఉపరాష్ట్రపతి పదవి ఎక్కడికీ పోదు. జూలై 20న రెండు కుర్చీలూ ఒకేసారి వదిలేసి ఇండిపెండెంటుగా నిలబడ్డారు. అప్పటికి వయసు డెబ్భై అయిదు నిండబోతోంది. ఆ ముందు రోజే 14 బ్యాంకుల్ని జాతీయం చేసే ఆర్డినెన్సు మీద సంతకం పెట్టారు. బ్యాంకు గుమాస్తాల కోసం మంత్రి పదవి వదిలినాయన పదిహేనేళ్ల తరవాత రాష్ట్రపతి కుర్చీ దిగే ముందు పెట్టిన సంతకాల్లో ఇదొకటి.

రాష్ట్రపతీ లేడు, ఉపరాష్ట్రపతీ లేడు. దేశం ఎవరు చూస్తారు? సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి హిదాయతుల్లా గారు ఆగస్టు 24 దాకా రాష్ట్రపతిగా ఉన్నారు. సంజీవరెడ్డి గారు కూడా లోక్‌సభ స్పీకరు పదవికి రాజీనామా చేసే పోటీకి దిగారు. అది కూడా చెప్పించండి, ఒకరిని పొగడ్డానికి ఇంకొకరిని తగ్గించక్కర్లేదు. ఇద్దరూ తెలుగువాళ్లే. ఢిల్లీలో అంత పెద్ద కుర్చీకి ఇద్దరు తెలుగువాళ్లు కొట్టుకుంటుంటే బరంపురం స్టేషన్లో టీ కొట్టు దగ్గర రెండు పార్టీలై కొట్టుకున్నారని మా నాన్న చెప్పేవాడు.

ఓట్ల లెక్క వినండి. మొదటి లెక్కలో గిరి గారికి 4,01,515. సంజీవరెడ్డి గారికి 3,13,548. మూడో ఆయన సి.డి.దేశ్‌ముఖ్ గారికి 1,12,769. గెలవాలంటే సగం దాటాలి, 4,18,169 కావాలి. ఎవరికీ రాలేదు. అప్పుడు రెండో ప్రాధాన్య ఓట్లు కలిపారు. గిరి గారు 4,20,077, సంజీవరెడ్డి గారు 4,05,427. ఇందులో ఒక ఏడున్నర వేలు అటు పోయుంటే కథ వేరేలా ఉండేది.

పిల్లాడికి ఈ రెండూ చాలు. ఇంకా నిమిషం మిగిలితే కోర్టు సంగతి ఉంది. అది చెప్పడానికి ఈ గుంపులో వకీళ్లున్నారు, నాకెందుకు.

---

రాయగడ వకీలు:

గార్డు గారు నన్ను బోనెక్కించారు కాబట్టి చెప్తాను. ఆయనకి ఒక కోర్టు సంగతే తెలుసేమో, నిజానికి రెండున్నాయి. మొదటిది మా వైపుది.

1957లో గిరి గారు పార్వతీపురం లోక్‌సభ స్థానంలో పోటీ చేశారు. పార్వతీపురం మాకు పక్క ఊరు లెక్క, అర్జంటు సామాను ఏది కావాలన్నా అక్కడికే పోతాం. అప్పట్లో అది ద్విసభ్య స్థానం. ఒకే నియోజకవర్గం నుంచి ఇద్దరు ఎంపీలు. ఓటరుకి రెండు ఓట్లు. రెండు సీట్లలో ఒకటి గిరిజనులకి రిజర్వు. లెక్కింపులో ముందు ఆ సీటు నింపుతారు, గిరిజన అభ్యర్థుల్లో ఎక్కువ ఓట్లు వచ్చినవారికి. తరవాత మిగిలిన అందరిలో ఎవరికి ఎక్కువ వస్తే వారికి రెండో సీటు.

ఆ ఎన్నికలో ఏమైందంటే, ఎక్కువ ఓట్లు వచ్చిన మొదటి ఇద్దరూ గిరిజన అభ్యర్థులుగా నామినేషను వేసినవాళ్లే. ఒకరు రిజర్వు సీటుకి వెళ్లారు. రెండో ఆయన డిప్పల సూరిదొర జనరల్ సీటు గెలిచారు. కేంద్ర మంత్రిగా చేసొచ్చిన గిరి గారు మూడో స్థానంలో మిగిలిపోయారు.

గిరి గారు కేసు వేశారు. రిజర్వు సీటుకని నిలబడ్డవాడికి జనరల్ సీటు ఎలా ఇస్తారు అన్నది ఒక వాదన. సూరిదొర అసలు ఇప్పుడు గిరిజనుడే కాదు, తనని క్షత్రియుడని చెప్పుకుంటున్నాడు అన్నది ఇంకోటి. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 1959లో మెజారిటీ తీర్పు గిరి గారికి వ్యతిరేకంగా వచ్చింది. జనరల్ సీటు అంటే అందరిదీ, గిరిజనుడు ఎక్కువ ఓట్లు తెచ్చుకుంటే దాన్ని కూడా గెలవచ్చు అని సారాంశం. ఇవాళ జనరల్ సీట్లో ఎస్సీ, ఎస్టీ వాళ్లు నిలబడి గెలిస్తే ఎవరూ వింతగా చూడరు. అప్పుడు అది దేశమంతా తేలని సంగతి. తేలింది గిరి గారు ఓడిపోయిన కేసులో. తరవాత 1961లో చట్టం తెచ్చి ద్విసభ్య స్థానాలే తీసేశారు.

మా సీనియరు గారు ఈ కేసు చెప్పేటప్పుడు ప్రతిసారీ ఒకటే అనేవారు: "గిరి గారి వాదన తప్పు. ఓటమిని తీసుకున్న పద్ధతి ఒప్పు." ఆ మరుసటి మాటగా టీ తెప్పించేవారు కాబట్టి నాకు బాగా గుర్తుండిపోయింది.

రెండో కేసు 1970. గార్డు గారు చెప్పిన 1969 ఎన్నిక చెల్లదని సుప్రీంకోర్టులో పిటిషన్లు పడ్డాయి. సంజీవరెడ్డి గారి మీద ఒక నీచమైన కరపత్రం పార్లమెంటు సెంట్రల్ హాల్లో పంచారు, దాని వెనక గిరి గారున్నారన్నది ముఖ్యమైన ఆరోపణ. పదవిలో ఉన్న రాష్ట్రపతిని కోర్టుకి లాక్కురాలేరు. గిరి గారు తనంతట తాను వెళ్లి సాక్ష్యం చెప్పారు. ఎదుటి పక్షం వకీలు అడిగినవాటికి జవాబులిచ్చారు. పదవిలో ఉండగా అలా వెళ్లిన మొదటి రాష్ట్రపతి ఆయనే. కరపత్రం పంచిన మాట నిజమే గానీ, అందులో గిరి గారి చెయ్యి ఉందని రుజువు కాలేదు. పిటిషన్లు కొట్టేశారు.

నేను రోజూ బోనులో సాక్షుల్ని చూస్తాను. సర్పంచిని పిలిస్తేనే "నన్నే పిలుస్తారా" అని మొహం మాడ్చుకుంటాడు. సమను అందుకోకుండా వెనక గుమ్మంలోంచి పొలానికి పోయేవాళ్లున్నారు. బాబు చేత ఇది తప్పకుండా చెప్పించండమ్మా.

---

పర్లాకిమిడి గుంటడు:

అందరూ పెద్దవాళ్లు, తప్పుగా అనుకోకండి. పిల్లాడి చేత ఒకవైపు కథే చెప్పిస్తున్నారు.

ఇండిపెండెంటు అంటే నవ్వొస్తుంది. ప్రధాని ఇందిరా గాంధీ సొంత పార్టీ అభ్యర్థిని పక్కన పెట్టి "ఆత్మప్రబోధం ప్రకారం ఓటెయ్యండి" అన్నది ఎవరి కోసం? గెలిచాక ఆయన్ని రబ్బరు స్టాంపు అన్నారు. ఊరికే అన్నారా? 1970 సెప్టెంబరులో రాజభరణాల (మాజీ రాజులకి ప్రభుత్వం ఏటా ఇచ్చే డబ్బు) రద్దు బిల్లు రాజ్యసభలో వెంట్రుకవాసిలో పడిపోయింది. మర్నాడే రాజుల గుర్తింపు తీసేస్తూ రాష్ట్రపతి సంతకంతో ఉత్తర్వు వచ్చింది. పార్లమెంటు కాదన్నదాన్ని సంతకంతో చేసెయ్యొచ్చా? డిసెంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది. నాకు రాజుల మీద జాలేమీ లేదు, మాది రాజా గారి ఊరే అయినా.

ఇంకొకటి, గార్డు గారిని సూటిగా అడుగుతున్నాను. 1974 మే రైల్వే సమ్మెని అణిచేసినప్పుడు రాష్ట్రపతి భవనంలో ఉన్నది ఎవరు? బి.ఎన్.ఆర్ కార్మిక సంఘం కట్టినాయనే కదా!

---

పాత గార్డు:

బాబూ, నువ్వు పుట్టక ముందే ఆ ప్రశ్న మా ఇంట్లో అడిగారు. పొద్దుట నుంచి నీ ముక్క చదివి పక్కన పెట్టి, మళ్లీ చదివి, ఇప్పుడు రాస్తున్నాను.

మా నాన్న క్యాబిన్‌లో లీవర్‌మన్, బళ్లకి పట్టాలు మార్చే లీవర్లు లాగే పని. అరచేతుల్లో కాయలు ఎంత గట్టివంటే, మమ్మల్ని వీపు గోకమంటే గోళ్లక్కర్లేదు, అరచెయ్యి రాస్తే చాలు. మా తాత ఆ బి.ఎన్.ఆర్‌లోనే గ్యాంగ్‌మన్. తాత నోట గిరి పంతులు గారు అన్న మాట దేవుడి పేరులా వచ్చేది. నాన్న దాన్ని కొంచెం కుదించి గిరి గారు అనేవాడు. క్వార్టర్లో గోడకి వెంకటేశ్వరస్వామి, బుఢీ ఠాకురాణి, మూడో మేకుకి పత్రికలోంచి కత్తిరించిన గిరి గారి ఫొటో. ఆ పెద్ద తలకట్టూ, కళ్లద్దాలూ.

1974 మే 8న సమ్మె మొదలైంది. నాకు పన్నెండేళ్లు. దేశమంతా కలిపి పదిహేడు లక్షల మంది దాకా అందులో ఉన్నారంటారు. మాకు తెలిసింది మా వరస క్వార్టర్లే. బళ్ల చప్పుడు లేకపోతే రాత్రి నిద్ర పట్టేది కాదు. పోలీసులు వస్తారని నాన్న ఇచ్ఛాపురంలో మా మేనత్త గారింటికి వెళ్లిపోయాడు. జీతం లేదు. అమ్మ పక్కింటావిడతో కలిసి అప్పడాలు ఒత్తేది. మన ఊరి అప్పడాలకి గిరాకీ ఎప్పుడూ ఉంటుంది కదా! పిండి కొట్టువాడిది, ఒత్తుడు మాది, వందకి ఇంత అని కూలి. నేనూ మా చెల్లీ మంచం మీద పాత చీర పరిచి ఎండబెట్టేవాళ్లం. కాకుల్ని తోలడానికి నా చేతికి నాన్న ఎర్రజెండా కర్ర ఇచ్చింది అమ్మ.

ఒక రాత్రి నాన్న చాటుగా వచ్చాడు. తరవాణిలో ఉల్లిపాయ కొరుక్కుంటూ తింటున్నాడు. అమ్మ గోడ వైపు చూసి, "మరి మీ గిరి గారున్నారు గదా పైన, ఓ మాట చెప్పకూడదా ఆవిడకి?" అంది. నాన్న తలెత్తలేదు. "గిరికేటి, సంతకాలు పెట్టుకుంటాడు" అన్నాడు.

చెంప దెబ్బ తగిలినట్టు అనిపించింది నాకు. ఆ సమ్మె ఇరవై రోజులు. ఆ తరవాత కూడా చాలాకాలం నాన్న నోట గారు అన్న మాట రాలేదు. ఫొటో తియ్యలేదు, దుమ్ము మాత్రం తుడవడం మానేశాడు.

ఇప్పుడు నా మాట. రాష్ట్రపతి మంత్రివర్గం సలహా మీద నడవాలి, రాజ్యాంగం అలాగే ఉంది, ఆయన చేతిలో ఏముంది అని వకీలు గారు అంటారు. తెలుసు. కానీ నేను పైన ఏం రాశాను? దిగడం తెలిసిన మనిషి అని రాశాను. 1954లో బ్యాంకు గుమాస్తాల కోసం దిగినాయన, 1974లో రైలు కార్మికుల కోసం దిగలేదు. ఆగస్టు 24తో పదవీకాలం ఎలాగూ అయిపోతుంది. ఇంకా మూడు నెలలు. దిగితే పోయేది ఏటి? నాన్నకి కోపం కన్నా ఆ లెక్కే తెగలేదు. నాకూ తెగలేదు. రాజభరణాల సంగతిలో కూడా నువ్వన్నది కాదనను బాబూ.

మరి ఆయన పెద్దమనిషి కాడా అంటే, అవును అనే అంటాను. అదెలాగంటే నాకూ చెప్పడం రాదు. 1980 జూన్. నేను ఇంటరు అయిపోయి ఖాళీగా ఉన్నాను. నాన్న నైటు డ్యూటీ దిగి వచ్చి, బూట్లు విప్పకుండా గుమ్మంలోనే నిలబడి, లోపలున్న అమ్మతో "గిరి గారు పోయారటే" అన్నాడు. తువ్వాలు అడిగి తీసుకుని నూతి దగ్గరికి వెళ్లాడు. తిరిగొచ్చాక ఫొటో దించి, అదే తడి తువ్వాలుతో అద్దం తుడిచి మళ్లీ పెట్టాడు.

ఇదంతా తొమ్మిదో తరగతి పిల్లాడి చేత చెప్పించమని కాదు. ఒక్క వాక్యం చాలు: "1974లో రైల్వే కార్మికులు ఆయన ఏదైనా చేస్తారని ఎదురు చూశారు, ఆయన చెయ్యలేకపోయారు." లెక్చరర్ గారు మార్కులు తగ్గిస్తే గ్లాసు నేను కొనిస్తాను.

---

సిరొంచ నుంచి:

మాది గడ్చిరోలి జిల్లా, గోదారి ఒడ్డు. మాకు ఢిల్లీ నాయకుడంటే పీవీ గారు. రామ్‌టేక్ నుంచి 1984లో, 1989లో గెలిచారు. మరాఠీ మనవాళ్లలా మాట్లాడేవారు. 1996లో మీ బరంపురం నుంచి కూడా గెలిచారు కదా! నంద్యాలలో కూడా గెలిచి, నంద్యాల వదిలి బరంపురం ఉంచుకున్నారు. గిరి గారి ఊళ్లో మీకు ఇంకో తెలుగాయన ఎంపీ. ఆయన సంగతి ఇంకోసారి.

నేను రాస్తున్నది అక్షరాల గురించి. మా పిల్లలది మరాఠీ మీడియం. మేమూ పాటలు, పద్యాలు నాగరి అక్షరాల్లో రాసిస్తాం. ఒక చోట దెబ్బ తింటారు, జాగ్రత్త. నాగరిలో మనకున్నట్టు ఎ, ఏ రెండు లేవు. ఒ, ఓ కూడా అంతే. మీ ఒడియాలో కూడా ఒక్కటే కదా! మా అమ్మాయి పోటీలో "నెల రోజులు" అనబోయి "నేల రోజులు" అంది. అందరూ నవ్వేసరికి మిగతాది మరిచిపోయింది.

---

గిరి రోడ్డు కోడలు:

అందరికీ చాలా థాంక్సండి. ఇంత వస్తుందనుకోలేదు. నిన్న రాత్రి మా వాడికి అంతా చదివి వినిపించాను. ఓట్ల లెక్క దగ్గర కాగితం తెచ్చుకుని, మూడు డబ్బాలు గీసి, దేశ్‌ముఖ్ గారి ఓట్లు ఎలా పంచారో చెప్పమని కూర్చున్నాడు. నాకు రాదు, వాళ్ల నాన్నకీ రాలేదు. చివరికి వాడే కనుక్కున్నాడు: తన మొదటి మనిషి ఓడిపోతే రెండో మనిషికి వెళ్తుందన్నమాట, అని.

పార్వతీపురం కేసు తీసేద్దామన్నాను, పెద్దదైపోతోందని. ఉంచమన్నాడు. వాడి బెంచీలో పక్కన కూర్చునేవాడు ఆర్.ఉదయగిరి వైపు సవర గిరిజన అబ్బాయి. "వాడికి చెప్పాలి, జనరల్లో కూడా నిలబడొచ్చని" అన్నాడు. కాబట్టి ఐర్లండు తీసేశాను. గార్డు బాబాయి గారూ, మీ వాక్యం ఉంచాను. వాడు చదివి, అక్కడ గిరి గారు అని ఉంచాలా, గిరి అని రాయాలా అని అడిగాడు. గారు ఉంచమన్నాను.

సిరొంచ వారు చెప్పింది నిజం. కిందటేడు వీడు "చెట్టు" అన్నది "చేట్టు" అన్నాడు, నేను ఎండకి నోరు తిరగలేదనుకున్నాను. ఇప్పుడు "ఎన్నిక", "బోను", "ఓటు", "తెలుగు" అన్నీ ఉన్నాయి. ఏం చెయ్యమంటారు?

---

సిరొంచ నుంచి:

పొడుగ్గా పలకాల్సిన అక్షరం నెత్తి మీద పెన్సిలుతో ఒక గీత గియ్యండి. గీత లేకపోతే పొట్టి. మేం అలాగే చేస్తాం. పెన్నుతో వద్దు, పిల్లలు అక్షరంలో భాగమనుకుంటారు.

---

రాయగడ వకీలు:

ఒడియాలో అక్షరాల నెత్తి మీద ముందే గుండ్రంగా ఉంటుంది, గీత అందులో కలిసిపోతుంది. కింద గియ్యండి. ఇంకో మాట, "సుప్రీంకోర్టు" దగ్గర ఆగి ఊపిరి తీసుకోమనండి. అందరూ ఆ మాట తరవాతే తడబడతారు, నాతో సహా.

---

పాత గార్డు:

గీత కిందా మీదా అన్నది మీరిద్దరూ తేల్చుకోండి. అమ్మా, శనివారం సాయంత్రం అబ్బాయిని ఒకసారి మా ఇంటికి పట్టుకురండి, నిలబెట్టి చెప్పించుకుంటాను. ఇల్లు ఎక్కడో విడిగా మెసేజీ పెడతాను. గడియారం నా దగ్గరుంది, సర్వీసులో వాడిందే, అర నిమిషం కూడా తేడా రాదు. వాణ్ణి నా కుడి పక్కన నిలబెట్టండి. ఎడమ చెవి బ్రేక్‌వ్యాన్ కిటికీ వైపు ఉండేది, అటు సరిగా వినపడదు.